నా చేతి బోణీ

శనివారం పొద్దున్నే ఐదున్నరకి మా అల్లుడుగారు నిద్ర లేవాలి. అత్తగారు అల్లుడి గది తలుపు తట్టడం పద్ధతి కాదు కనుక నేను తట్టను. వంటింట్లో స్టీలు గిన్నె మీద గరిటెతో రెండుసార్లు కొడతాను. ఆయన లేస్తారు. డల్లాస్ పక్కన మేముండే కాపెల్‌లో మిగతా ఇళ్ళ అల్లుళ్ళు ఆ పూట పది దాకా పడుకుంటారని మా అమ్మాయి నాకు చాలాసార్లు చెప్పింది. పడుకోనీ. వాళ్ళ ఇళ్ళల్లో ఏం వండుకుంటారో నాకు అనవసరం.

మేం వెళ్ళేది నలభై నిమిషాల దూరంలో ఉన్న ఒక చిన్న ఊరికి. ఆ ఊళ్ళో మెక్సికో వాళ్ళే ఎక్కువ. బోర్డులన్నీ స్పానిష్‌లో ఉంటాయి. నాకు ఇంగ్లీషూ రాదు, స్పానిష్షూ రాదు కాబట్టి తేడా పడలేదు. నేను చదివింది మూడో తరగతి. ఆ ఊరి చివర మూతపడ్డ పత్తి మిల్లు ఒకటుంది. దాని వెనక ఖాళీ స్థలంలో రేకుల పాకలు వేసి శని, ఆదివారాలు సంత పెడతారు.

ఇక్కడి ఇండియా కొట్లో ప్లాస్టిక్ కవర్లో పెట్టి అమ్మే తోటకూర ఆ సంతలో నేల మీద గోనెపట్టా పరిచి, మట్టి వేళ్ళతో సహా కట్టలు కట్టి పెడతారు. గంగపాయల కూర ఉంటుంది. మా పెరట్లో అదే మొలిస్తే మనిషిని పిలిచి మందు కొట్టిస్తారు. సంతలో దాన్ని డబ్బిచ్చి కొనుక్కుంటాం. నాటు జామకాయలు, బస్తాలకు బస్తాలు చింతకాయ, రకరకాల మిరపకాయలు ఉంటాయి. గోంగూర జాతి మొక్క పువ్వుల్ని ఎండబెట్టి అమ్ముతారు, వాటిని నానబెట్టి పంచదార కలుపుకుని తాగుతారు. వాళ్ళ ఇష్టం. నాగజెముడు ఆకుల ముళ్ళు గీకి కూరకని అమ్ముతారు. అది నేను కొనలేదు. ముళ్ళు గీకినందుకు కూడా డబ్బు తీసుకునే చోట మనిషి జాగ్రత్తగా ఉండాలి.

"పదింటికి వెళ్ళినా ఇవే కూరలు ఉంటాయి కదండీ అత్తయ్యగారూ?" అని మొదట్లో అల్లుడుగారు అడిగారు.

"కూరలు ఉంటాయి బాబూ. ఆ ధర ఉండదు."

"ఎర్లీ బర్డ్ ఆఫరా?"

"బోణీ" అన్నాను.

ఆయన హైదరాబాదులో పెద్ద పెద్ద షాపుల మధ్య పెరిగినవాళ్ళు. బోణీ అన్న మాట తెలుసు గానీ దానితో ఎప్పుడూ పని పడలేదు. సంత ఏడింటికి తెరుస్తారు. ఏడింటికి నేను అక్కడుండాలి. మొదటి బేరాన్ని ఏ అమ్మకందారూ వదులుకోడు. వదులుకుంటే రోజంతా అంతే అని భయం. కాబట్టి మొదట వెళ్ళినవాళ్ళు గట్టిగా నిలబడితే ధర దిగుతుంది. ఇది మన దగ్గర సంగతి. మెక్సికో వాళ్ళకి ఉంటుందో ఉండదో అప్పటికి నాకు తెలియదు. మొదటి శనివారమే తెలిసింది.

చివరి పాకలో నా వయసే ఉన్న ఒకావిడ కూరలు పెట్టుకుని ఉంది. పొట్టిగా, నెరిసిన జడ, గళ్ళ ఏప్రన్. నేను మూడు కట్టల తోటకూర పక్కన పెట్టుకుని, ఆవిడ చెప్పిన దాంట్లో సగం వేళ్ళతో చూపించాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. చీర చూసింది, స్వెట్టర్ చూసింది, కింద అమ్మాయి కొనిచ్చిన బూట్లు చూసింది. తల అడ్డంగా ఊపింది. నేను కట్టలు వదిలి రెండడుగులు వెనక్కి వేశాను. ఆవిడ చటుక్కున నా సంచీ పట్టుకుంది. తర్వాత ఇద్దరం సగానికీ పూర్తికీ మధ్యలో ఒక చోట ఆగాం. నా చేతిలో నోటు తీసుకుని దాంతోనే నుదుటి మీద, గుండె మీద, రెండు భుజాల మీద సిలువ గుర్తు వేసుకుంది. నోటుని ముద్దు పెట్టుకుంది. కూరలన్నిటి మీదా ఒకసారి తిప్పి రేకు పెట్టెలో వేసింది.

మన వాళ్ళు కళ్ళకద్దుకుంటారు. అంతే తేడా.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ఊళ్ళో మావారు పోయిన తర్వాత కూరల బండి అతను నా దగ్గర బోణీ తీసుకోవడం మానేశాడు. అతను చెడ్డవాడు కాదు. నోరు తెరిచి ఏమీ అనలేదు. నేను సంచీ పట్టుకుని గేటు దగ్గరికి వస్తే, "అమ్మా, కాసేపాగి రండి, ఇంకా సర్దుకోలేదు" అనేవాడు. సర్దుకునే ఉండేది. పక్కింటి కోడలు వచ్చి పావుకిలో వంకాయలు కొనేదాకా నేను గేటు లోపల నిలబడేదాన్ని. పాలవాడూ అంతే, కిరాణా కొట్టూ అంతే. పదకొండేళ్ళు అలా నడిచింది. నేనెవరితోనూ గొడవ పెట్టుకోలేదు. రెండో బేరానికి ధర దిగదు, ఆ నష్టం మాత్రం ప్రతి రోజూ కనపడేది.

అల్లుడుగారికి ధర అని చెప్పాను. అబద్ధం కాదు.

తర్వాతి వారం ఆవిడ ధర పెంచి మొదలుపెట్టింది, నేను తగ్గించి మొదలుపెట్టాను. ఆ పై వారం ఇద్దరం అంతకంటే దూరం నుంచి మొదలుపెట్టాం. ఇలా రెండు నెలలు గడిచాయి. ఒక వారం నాకు జ్వరం వచ్చి వెళ్ళలేదు. ఆ తర్వాత వెళ్ళినప్పుడు ఆవిడ ఖాళీ గంపలు నాలుగు తెచ్చి నా ముందు పెట్టి, నన్ను చూపించింది. మళ్ళీ వాటి నిండా జామకాయలు పోసి, 'నువ్వు లేవు' అన్నట్టు చెయ్యి ఊపి, ముక్కు మూసుకుంది. నేనుంటే గంపలు ఖాళీ అవుతాయి, లేకపోతే కాయలు కుళ్ళుతాయి అని. నాకు అర్థమైంది గానీ అర్థం కానట్టు మిరపకాయలు ఏరుకున్నాను.

అప్పటి నుంచీ ఆవిడ నా కోసం ఆగడం మొదలుపెట్టింది. ఒక శనివారం దారిలో ఏదో యాక్సిడెంటు అయి మాకు ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. వెళ్ళేసరికి టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన ఉల్లికాడలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ అతన్ని ఆగమని అరచెయ్యి చూపిస్తోంది. నేను రాగానే నా చేతిలో నోటు లాక్కుని సిలువ వేసుకుని, అప్పుడు అతని వైపు తిరిగింది. అతను నన్ను మంచిగా చూడలేదు. నేనూ పట్టించుకోలేదు. ఆ రోజు తిరుగు ప్రయాణంలో అల్లుడుగారు, "ఏంటండీ, ఇవాళ చీప్‌గా వచ్చాయా? హ్యాపీగా ఉన్నారు" అన్నారు. ఉన్న ధరకే కొన్నానని చెప్పాను.

తర్వాత రోలు వచ్చింది.

ఆవిడ ఒక శనివారం గంపల వెనక నుంచి నల్లరాతి రోలు ఒకటి బయటికి తీసింది. చిన్నది, మూడు కాళ్ళు, రాయి నిండా సన్నని చిల్లులు. వాళ్ళ ఊరి నుంచి ఎవరో తెచ్చారట, దూరంగా చెయ్యి చూపించి చెప్పింది. పొత్రం నా చేతిలో పెట్టింది. తిప్పి చూశాను. బరువు సరిగ్గా ఉంది. నేను అమెరికా వచ్చిన నాలుగేళ్ళలో నా కోసం అని ఏదీ కొనుక్కోలేదు. కొబ్బరి పచ్చడి మిక్సీలో వేస్తే వెన్నలా అవుతుంది, అది పచ్చడి కాదు. ఒక అరగంట బేరమాడాను. ఆ రోజు ఆ రోలే బోణీ. ఆవిడ నోట్లన్నీ విసనకర్రలా పట్టుకుని సిలువ వేసుకుంది.

ఇంటికి తెచ్చి వంటింటి బండ మీద పెట్టగానే మా అమ్మాయి వచ్చింది.

"అమ్మా, ఏంటిది?"

"రోలు."

"అది తెలుస్తోంది. ఇంట్లో రెండు మిక్సీలు, నాలుగు వందల డాలర్ల బ్లెండర్ ఉన్నాయి కదా. కౌంటర్ మీద గీతలు పడితే? కాలి మీద పడితే? నీ ఇన్సూరెన్స్ గురించి తెలుసుగా నీకు?"

"నేను దాన్ని మోసుకుని తిరగను."

"నూరితే రాతి పొడి వస్తుందటమ్మా. ఇప్పుడే చూశాను ఫోన్‌లో. కడుపులోకి వెళ్తే?"

"మీ నాయనమ్మ తొంభై ఒక్క ఏళ్ళు బతికింది. రాయి తినే."

అమ్మాయి ఏమీ అనలేదు. మా అమ్మాయి ఏమీ అనకపోతే ఏదో చేస్తుందని నాకు తెలిసి ఉండాల్సింది.

మర్నాడు ఆదివారం. నేను తలస్నానం చేసి దేవుడి దగ్గర కూర్చుంటే గంటన్నర పడుతుంది. లేచి వంటింట్లోకి వచ్చేసరికి రోలు లేదు. అల్లుడుగారు బయటి నుంచి అప్పుడే వచ్చి బూట్లు విప్పుకుంటున్నారు.

"రోలు ఏదమ్మా?" అని అమ్మాయిని అడిగాను.

"రిటర్న్ చేసేశారమ్మా. నువ్వు ఫీలవుతావని చెప్పలేదు. డబ్బులు మొత్తం ఇచ్చేసింది, ఇదిగో."

అల్లుడుగారు సంతోషంగా ఉన్నారు. ఈ దేశంలో వస్తువు కొనడం సగం పనే. నచ్చకపోతే వెనక్కి ఇవ్వడం మిగతా సగం. మా ఇంట్లో పరుపు కూడా ఒకసారి వెనక్కి వెళ్ళింది, మూడు నెలలు పడుకుని.

"అస్సలు ప్రాబ్లం లేదండీ అత్తయ్యగారూ. మీరు చెప్పినట్టే ఏడింటికల్లా వెళ్ళిపోయాను. నా ముందు ఒక్కళ్ళు కూడా లేరు. నేనే ఫస్ట్."

నేను కుర్చీలో కూర్చున్నాను.

"ఆవిడ ఏమంది బాబూ?"

"ఏదో అందండీ. స్పానిష్. డబ్బుల పెట్టె తెరిచి చూపించింది. ఎంప్టీ. అప్పుడే ఓపెన్ చేసింది కదా. పర్లేదు, వెయిట్ చేస్తానని ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసి చూపించాను. చాలాసేపు నా వంక చూసింది. తర్వాత లోపలి జేబులోంచి తీసి ఇచ్చేసింది. రిసీట్ కూడా అడగలేదు. చాలా మంచావిడండీ."

తెల్లారి సంత తెరిచీ తెరవగానే, పెట్టెలో పైసా పడకముందే, ముందురోజు బోణీ చేసిన వస్తువుని తిరిగిచ్చేసి ఆవిడ చేతి నుంచి డబ్బు బయటికి తీయించారు. పగవాడు కూడా ఇంత చక్కగా ఆలోచించలేడు. మా అల్లుడుగారు ఏమీ ఆలోచించకుండానే చేశారు.

అమ్మాయికి చెప్పాను. "అమ్మా, అదంతా సూపర్‌స్టిషన్" అంది.

"నేనూ అలా అనుకోవడానికి సిద్ధమే. ఆవిడ అనుకోవాలి కదా."

ఆ మధ్యాహ్నం వడగళ్ళు పడ్డాయి. నిమ్మకాయలంత వడగళ్ళు. అల్లుడుగారు పరిగెత్తి కారుని గరాజ్‌లోకి పెట్టారు. నేను కిటికీ దగ్గర నిలబడి ఆ రేకుల పాక గురించి ఆలోచించాను. టెక్సాస్‌లో ఆ నెలలో వడగళ్ళు పడతాయి, అది అందరికీ తెలుసు. కానీ ఎవరి చేతి మీదుగా పడ్డాయనేది పాక కింద కూర్చున్న మనిషి లెక్క. ఆవిడ లెక్కలో ఆ చెయ్యి నాదే.

వారమంతా ఇంట్లో నేను ఎవరితోనూ పోట్లాడలేదు. అందుకే అమ్మాయి భయపడింది. శుక్రవారం సాయంత్రం నా దగ్గరికొచ్చి కూర్చుంది. "ఇంకో మార్కెట్ చూశానమ్మా, ఇంటికి దగ్గరే, అక్కడా తోటకూర ఉంటుందట" అంది.

"వద్దు."

"ఆవిడ తిడితే?"

"తిడితే అర్థం కాదుగా" అన్నాను.

నాకు తిట్ల భయం లేదు. 'కాసేపాగి' అంటుందేమోనని భయం. అది ఏ భాషలో అన్నా నాకు అర్థమవుతుంది.

శనివారం గిన్నె కొట్టాను. అల్లుడుగారు ఒక్క దెబ్బకే లేచారు.

ఏడింటికి సంత చేరాం. ఆయన ఎప్పటిలాగే కారులోనే సీటు వెనక్కి వాల్చుకున్నారు. ఎప్పుడూ అంతే, నేను కొనుక్కుని వచ్చేదాకా కునుకు తీస్తారు. చివరి పాక పైన రెండు రేకులు పోయి, నీలం పట్టా కట్టి ఉంది. గంపలు సగమే ఉన్నాయి. ఆవిడ ఉల్లికాడలు కట్టలు కడుతోంది. రోలు ఆవిడ పక్కనే నేల మీద ఉంది, అందులో ఎర్ర కారం నూరిన తడి ఉంది. అమ్మకానికి పెట్టలేదు.

నేను రెండు కట్టల తోటకూర తీసుకున్నాను. ఆవిడ నన్ను చూసింది. అరచెయ్యి ఎత్తి చూపించింది. ఆగమని.

నేను కట్టలు కింద పెట్టి స్తంభం పక్కకి జరిగి నిలబడ్డాను. ఎలా నిలబడాలో నాకు బాగా అలవాటే.

ఎవరూ రాలేదు. ఆ పొద్దున చలిగా ఉంది, మబ్బుగా ఉంది. జనం అంతా కాఫీ, రొట్టెలు అమ్మే పాక దగ్గరే ఆగిపోతున్నారు. ఒకావిడ పిల్లతో వచ్చి జామకాయ వాసన చూసి పెట్టేసి వెళ్ళింది. కూరల ఆవిడ కట్టలు కట్టడం అయిపోయి, కట్టినవి విప్పి మళ్ళీ కట్టింది. నేను స్తంభం మీది బోల్టులు చూశాను. ఎవరో ఒకరు కొంటే తప్ప ఆవిడ నాకు అమ్మదు. ఎవరూ కొనడం లేదు. అలా అరగంట ఇద్దరం ఒకరినొకరు చూసుకోకుండా రోడ్డు వైపు చూస్తూ ఉన్నాం.

అల్లుడుగారు నిద్ర లేచి రెండు చేతుల్లో కాఫీ కప్పులతో వచ్చారు.

"అయిందాండీ?"

"లేదు."

"ఏం కొనాలి ఇంకా?"

"ఎవరో ఒకరు కొనాలి బాబూ. నేను కాకుండా."

"అంతేనా? నేను కొంటానుండండి" అని కప్పులు నా చేతిలో పెట్టి, పర్సు తీసి ఆవిడ ముందుకి వెళ్ళారు.

ఆవిడ తలెత్తి చూసి గట్టిగా ఒక అరుపు అరిచింది. పక్క పాకలో గుడ్లు అమ్మే ఆవిడ పరిగెత్తుకొచ్చింది. నేను కాఫీ కింద పెట్టి అల్లుడుగారి చొక్కా చెయ్యి పట్టి వెనక్కి లాగాను. అల్లుడిని అలా పట్టుకోవడం అదే మొదలు. ఆవిడ అరుపు ఆపి మా ఇద్దరినీ చూసింది. అల్లుడుగారిని చూపించి, నన్ను చూపించి, ఏదో అడిగింది.

అల్లుడుగారు ఫోన్ చూసి చెప్పారు. "నేను మీ అబ్బాయినా అని అడుగుతోందండీ."

"కాదని చెప్పండి. మా అమ్మాయి మొగుడని చెప్పండి. నాకు చెప్పకుండా తెచ్చిచ్చారని కూడా చెప్పండి."

"అన్నీ చెప్పాలాండీ?"

"అన్నీ."

ఆయన ఫోన్‌లో మాట్లాడి ఆవిడ ముందు పెట్టారు. ఫోన్ ఆడమనిషి గొంతుతో స్పానిష్‌లో చెప్పింది. ఆవిడ విని, "యెర్నో?" అంది. గుడ్ల ఆవిడ వైపు తిరిగి "యెర్నో" అంది. గుడ్ల ఆవిడ "ఆఁ, యెర్నో" అని పెదవి విరిచింది.

"యెర్నో అంటే అల్లుడండీ" అన్నారు అల్లుడుగారు నీరసంగా.

"తెలుస్తోంది."

గుడ్ల ఆవిడ తన కారు వైపు చెయ్యి చూపించి ఏదో చెప్పి తల కొట్టుకుంది. ఆ కారులో కూడా ఒకరు సీటు వెనక్కి వాల్చుకుని పడుకుని ఉన్నారు. ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు. మా అల్లుడు మా ఎదురుగానే ఉన్నారు.

అప్పుడు ఆవిడ గంపల మధ్య నుంచి ఒక పచ్చి ఆకుల కట్ట తీసింది. మన సబ్జా మొక్క వాసన. దాన్ని సీసాలో నీళ్ళతో తడిపి బయటికి వచ్చి, అల్లుడుగారిని చేతులు చాపమంది. ఆయన ఎయిర్‌పోర్టులో నిలబడ్డట్టు చాపారు. తల మీద, భుజాల మీద, వీపు మీద, కాళ్ళ మీద ఆ కట్టతో టపటపా కొట్టింది. నీళ్ళు, ఆకులు ఆయన కంపెనీ చొక్కా మీద రాలాయి.

"అత్తయ్యగారూ, ఏంటండీ ఇది?"

"దిష్టి. కదలకండి."

ఆయన అయ్యాక నా ముందుకి వచ్చింది. నేను చేతులు చాపలేదు. కుడిచెయ్యి ఒక్కటే ముందుకి పెట్టాను, అరచెయ్యి పైకి. ఆవిడ దాని వంక కాసేపు చూసింది. మూడుసార్లు తట్టింది, మెల్లగా. నీళ్ళు చల్లగా ఉన్నాయి. తర్వాత నా వేళ్ళు మూసి, ఆ కట్టని నా పిడికిట్లో పెట్టి, మూడు వేళ్ళు చూపించింది.

మూడు డాలర్లు. ఆకు సగం అప్పటికే మా అల్లుడి మీద రాలిపోయింది. కాడలే మిగిలాయి. నేను రెండు వేళ్ళు చూపించబోయి మానేశాను. సంచీలోంచి మూడు తీసి ఇచ్చాను.

ఆవిడ ఆ మూడు నోట్లతో సిలువ వేసుకుంది. ముద్దు పెట్టుకుంది. సగం ఖాళీగా ఉన్న గంపల మీద, నీలం పట్టా మీద, గుడ్ల ఆవిడ గుడ్ల మీద కూడా తిప్పి పెట్టెలో వేసింది.

తర్వాత తోటకూర తీసుకున్నాను. దానికి మాత్రం బేరమాడాను. ఆవిడా తగ్గలేదు. మేం అలా ఉండగానే, ఇందాక జామకాయ వాసన చూసి వెళ్ళినావిడ పిల్లతో మళ్ళీ వచ్చి నిలబడింది. కూరల ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ముందుకి లాగి, నా తడి చెయ్యి ఎత్తి ఆ తల్లికి చూపిస్తూ ఏదో పొడుగ్గా చెప్పింది. తల్లి నన్ను చూసి తల ఊపి, సంచీ విప్పింది.

"ఏం చెప్పిందో చూడమంటారా?" అని అల్లుడుగారు ఫోన్ తీశారు.

అక్కర్లేదన్నాను.